లెక్క తేలాకే సూది

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ లెక్కల సిస్టర్ అనే పిలుస్తారు. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకీ ఇంట్లో మొగుడికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా ఒక క్షణం ఆగి గానీ తల తిప్పదు. వయసు యాభై మూడు. అందులో ఇరవై ఆరేళ్ళు ఆపరేషన్ థియేటర్లోనే, అదీ నిలబడే గడిచిపోయాయి. మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెడుతుంది. బట్టలు ఆరేసి క్లిప్పులు లెక్కపెడుతుంది. వాళ్ళాయన దర్జీ. "నా షాపుకొచ్చి సూదులు కూడా లెక్కపెట్టి పోరాదూ, పుణ్యముంటుంది," అని ఎగతాళి చేస్తాడు. ఆమె నిజంగానే ఒకసారి వెళ్ళి లెక్కపెట్టింది. రెండు తక్కువొచ్చాయి. అవి దొరికేదాకా ఆ పూట ఆయన్ని ఎవరి కొలతలూ తీసుకోనివ్వలేదు.

థియేటర్లో ఆమె లెక్కపెట్టేది మాప్‌లు. మాప్ అంటే జానెడు పొడవున మడతపెట్టి కుట్టిన తెల్ల గుడ్డ. కడుపు కోసినప్పుడు ఉబికే రక్తాన్ని దాంతో అద్దుతారు, పేగుల్ని దాంతో పక్కకి ఆపుతారు. రక్తంలో నానిందంటే అది ఇక గుడ్డలా కనబడదు. లోపలి మాంసంలో కలిసిపోతుంది, ఎంతటి డాక్టరు కంటికీ చిక్కదు. అందుకే కోతకు ముందు ఇద్దరు నర్సులు పైకి చెబుతూ లెక్కపెట్టి గోడ మీది బోర్డులో రాస్తారు. కుట్టే ముందు మళ్ళీ లెక్కపెడతారు. రెండు లెక్కలూ కలిశాక రిజిస్టర్లో నర్సూ డాక్టరూ ఇద్దరూ సంతకం పెడతారు. ఇది అంతటా ఉన్న పద్ధతే. లెక్కల సిస్టర్ దానికి తన షరతు ఒకటి చేర్చింది. లెక్క తేలేదాకా కడుపు మూసే సూదిని డాక్టరు చేతికివ్వదు. దారం ఎక్కించిన సూదిని పట్టకారుకి బిగించి, గుప్పిట్లో పెట్టుకుని నిలబడుతుంది. అడిగేది ఎంత పెద్ద డాక్టరైనా సరే.

ఆ థియేటర్లో ఉన్నది నిజంగానే పెద్ద డాక్టరు. హస్తవాసి గొప్పది, అందులో అబద్ధం లేదు. ఇక లాభం లేదని ఇంటివాళ్ళు ఏడ్చి వదిలేసుకున్న మనుషుల్ని కూడా ఆ చేతులు లేపి నడిపించాయి. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. చేతిలో ఏముంటే అది విసురుతాడు. కత్తెర్లు, క్లాంపులు, ట్రేలు, ఒకసారి ఏకంగా స్టూలు. విసిరాక ఏమీ జరగనట్టు చెయ్యి చాపుతాడు, ఆ చేతిలో తర్వాతి పనిముట్టు పడాలి. పడుతుంది కూడా. లెక్కల సిస్టర్ ఎడమ మణికట్టు మీద కత్తెర గాటు, మోకాలి కింద ట్రే అంచు దిగిన మచ్చ, చెవి వెనక మూడు కుట్లు. ప్రతిసారీ ఇంటికెళ్ళి, ఆసుపత్రి అలమర తలుపు తగిలిందని చెప్పింది. "మీ ఆసుపత్రి అలమరలకి నీ మీదే ఎందుకే అంత పగ?" అని దర్జీ ఒకసారి ఆ మచ్చ మీద వేలు పెట్టి అడిగాడు, నవ్వకుండా. ఆమె కంచం ఆయన ముందుకు తోసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇలాంటి డాక్టర్ని పైవాళ్ళు ఇన్నేళ్ళు ఎలా భరించారంటే, హస్తవాసి. ఆ ఒక్క మాట చాటున ఎంత నెత్తురైనా దాచెయ్యొచ్చు. దాచారు. ఆయన విసిరింది ఇంకో డాక్టరుకి తగిలుంటే అదే రోజు మీటింగు పెట్టేవాళ్ళు. తగిలేది నర్సులకే కాబట్టి, సార్ కాస్త కోపిష్టి అనేవాళ్ళు.

షరతు ఎక్కడ పుట్టిందో మాత్రం ఇద్దరికే తెలుసు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇద్దరు పిల్లల తల్లికి కడుపులో గడ్డ తీశారు. కుట్టే వేళకి ఒక మాప్ తక్కువొచ్చింది. సిస్టర్ ఆ మాటే చెప్పింది. పెద్ద డాక్టరు ట్రేని ఆమె కాళ్ళ మీదికి తన్నాడు. "నీకు లెక్కలు రావు. సరిపోయిందని రాయి," అన్నాడు. రాసింది. నలభై రోజులకి ఆ తల్లి చీముపట్టిన కడుపుతో తిరిగొచ్చింది. మళ్ళీ కోస్తే కుళ్ళిన మాప్ బయటపడింది. పెద్ద డాక్టరు దాన్ని బకెట్లో వేసి సిస్టర్ వంక చూశాడు. మూడో రోజున ఆ తల్లి పోయింది. ఆమె మొగుడితో ఇన్ఫెక్షన్ వల్ల పోయిందని చెప్పి పంపారు. అతను వెళ్ళేముందు సిస్టర్ రెండు చేతులూ పట్టుకుని, "మీరు సొంత మనిషిలా చూసుకున్నారమ్మా," అన్నాడు. ఒంటి మీద మచ్చలన్నీ మానాయి గానీ ఆ మాట మానలేదు. రిజిస్టర్లో ఈరోజుకీ సరిపోయిందనే ఉంది.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి ఒక బావనీ బావమరిదినీ ఒకే వ్యానులో తెచ్చారు. పక్కపక్క ఇళ్ళు. మధ్యలో మురుగు గొట్టం ఎవరి గోడవైపు తిప్పాలన్న తగువు మూడు నెలలుగా నలుగుతోంది. ఆ పూట కూరలు తరిగే కత్తి దాకా వచ్చింది. కత్తి ఒకటే, చేతులు మారింది. బావకి కడుపులో మూడు పోట్లు, బావమరిదికి తొడలో ఒకటి. వెంట ఒకే ఒక్క ఆడమనిషి వచ్చింది. ఒకడికి పెళ్ళాం, ఇంకొకడికి అక్క. బట్టల నిండా ఇద్దరి నెత్తురూ కలిసిపోయి ఉంది. రెండు స్ట్రెచర్ల మధ్య నిలబడి, ఎటు నడవాలో తెలియక, "ఇద్దర్నీ చూడండి, ఇద్దర్నీ," అని ఆ మాటే అంటోంది. వెనకే ఇద్దరి తాలూకు మనుషులూ దిగారు. ఆసుపత్రి వరండాలోనే మళ్ళీ కలబడ్డారు. ఎవడో బెంచీ కాలు విరగ్గొట్టి ఎవడి దవడో పగలగొట్టాడు. అద్దాల తలుపు ముక్కలైంది. పళ్ళు రెండు నేల మీద పడి ఉంటే తుడిచే ఆయా వాటిని కాగితంతో తీసింది.

రెండో థియేటర్లో మత్తు మిషను పాడై మూడు వారాలైంది. ఉన్నది ఒక్కటే బల్ల. పెద్ద డాక్టరు ఇద్దర్నీ చూసి, తొడ పైన బిగించి కట్టు కట్టించాడు. "ఇది గంట ఆగుతుంది. కడుపు ఆగదు," అన్నాడు. ఆ నిర్ణయం సరైందే, ఎవరున్నా అదే చేసేవాళ్ళు.

లోపల ఉన్నది ఐదుగురు. పెద్ద డాక్టరు, ఎదురుగా సాయానికి పిల్ల డాక్టరు, అంటే చదువు ముగించి ఆర్నెల్లు కాని అమ్మాయి. పేషెంటు తల దగ్గర మత్తు డాక్టరు. పనిముట్ల బల్ల దగ్గర లెక్కల సిస్టర్. బయటి వస్తువులు అందించడానికి కొత్త సిస్టర్. కొత్త సిస్టర్ ఉద్యోగంలో చేరి అది నాలుగో రోజు. రెండో రోజున ఆ పిల్ల, "సార్, మీ గ్లౌజు చిరిగింది," అంది. ట్రే వచ్చి ఆమె చెవి పక్కన గోడకి తగిలి సొట్టపోయింది. ఆ సాయంత్రం లెక్కల సిస్టర్ ఆమెను బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వీపు నిమిరింది. "సార్ చేతిలో కత్తి ఉన్నంతసేపు, నిన్నడిగితే తప్ప నోరు తెరవకు తల్లీ. నీ మంచికే చెబుతున్నా," అంది. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

ఇద్దరూ పైకి లెక్కపెట్టారు. ఇరవై మాప్‌లు. కొత్త సిస్టర్ బోర్డు మీద ఇరవై అని రాసింది.

కడుపు తెరవగానే లోపల నిలవ ఉన్న నెత్తురు అంచులు దాటి పొర్లి డాక్టర్ల బూట్ల మీద పడింది. మూడు పోట్లలో ఒకటి ప్లీహాన్ని చీల్చింది. నెత్తురు కారే నాళాన్ని బిగించి పట్టడానికి పెద్ద డాక్టరు క్లాంప్ అడిగాడు. సిస్టర్ ఇచ్చింది. అది పాతది, పళ్ళు అరిగిపోయాయి. మార్చమని ఆమె మూడుసార్లు కాగితం పెట్టింది, ఆ మూడు కాగితాలూ ఎక్కడో నిద్రపోతున్నాయి. క్లాంప్ జారింది. నరంలోంచి నెత్తురు చిమ్మి డాక్టరు కళ్ళద్దాల మీద కొట్టింది. ఆయన ఆ క్లాంప్‌ని తీసి ఉన్న ఊపున విసిరాడు.

లెక్కల సిస్టర్ ఎడమ కనుబొమ్మ పైన తగిలింది. చర్మం చిట్లి ఎముక దాకా తెరుచుకుంది. ఆమె కళ్ళలోకి నెత్తురు దిగి రెండూ మూసుకుపోయాయి. గ్లౌజులేసుకున్న నర్సు తన మొహాన్ని తాను ముట్టుకోకూడదు. ముందుకు వంగితే ఆ నెత్తురు తెరిచి ఉన్న కడుపులో పడుతుంది. పక్కకి తప్పుకుందామంటే చెయ్యి మార్చుకోవడానికి గ్లౌజులేసుకున్న ఇంకో నర్సు లేదు. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, పళ్ళు బిగబట్టి అలాగే నిలబడింది. ఎవరిదో చెయ్యి ఆమె నుదుటి మీద ఒక గుడ్డ పెట్టి గట్టిగా అదిమింది. వెనకనుంచి కొత్త సిస్టర్ దాని మీద పట్టీ చుట్టి, టోపీ కిందికి లాగి, కళ్ళు తుడిచింది. "క్లాంప్. మంచిది," అంది పెద్ద డాక్టరు గొంతు. ఇచ్చింది. ఆ గుడ్డ ఎవరు పెట్టారో, ఎక్కడ తీశారో ఆమె చూడలేదు. కొత్త సిస్టర్ బయటి డబ్బాలోంచి తెచ్చి ఉంటుందనుకుంది. నిజానికి అనుకునే తీరిక కూడా లేదు.

గంట పైగా గడిచింది. ప్లీహాన్ని తీసేశారు. పేగుకి రెండు చోట్ల కుట్లు పడ్డాయి. మూడూ ఇరవై రెండుకి బయటి తలుపు మీద ఎవరో బాదారు. వరండాలో తొడవాణ్ణి కనిపెట్టుకుని ఉన్న డాక్టరు. "కట్టు జారింది సార్, మళ్ళీ కారుతోంది. నేను అదిమి పట్టుకున్నా ఆగడం లేదు."

"వస్తున్నా. బల్ల ఖాళీ చేస్తున్నా," అన్నాడు పెద్ద డాక్టరు. "సిస్టర్, సూది."

సిస్టర్, కొత్త సిస్టర్ లెక్కపెట్టారు. పందొమ్మిది. బకెట్టు తిరగేసి మళ్ళీ లెక్కపెట్టారు. పందొమ్మిదే.

"ఒకటి తక్కువ సార్."

"కింద ఎక్కడో పడుంటుంది. సూది ఇవ్వు."

"కిందా చూశాం. లేదు. కడుపులో చూడండి."

"బయట ఒకడు చస్తున్నాడు. వినబడుతోందా? ఇవ్వు."

"ఇవ్వను సార్."

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పాత కత్తెర గాటు ఉన్న చోటే పట్టుకుని మెలితిప్పాడు. గుప్పిట విప్పబోయాడు. ఆమె విప్పలేదు. వంకీ సూది గ్లౌజులోంచి అరచేతిలో దిగబడి, బొటనవేలి మొదట్లోంచి మొన బయటికొచ్చింది. ఆమె కేక కూడా వెయ్యలేదు. పిల్ల డాక్టరు గోడకి అంటుకుపోయింది. "వాడు చస్తే ఆ చావు నీ నెత్తిన పడుతుంది," అన్నాడాయన.

"వీడు చస్తే ఇద్దరి నెత్తినా పడుతుంది. పోయినసారి పడినట్టు," అంది ఆమె.

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఇద్దరి మధ్యా పైకి రావడం అదే మొదలు. ఆయన చెయ్యి వదిలేశాడు. రెండు చేతులూ మోచేతుల దాకా మళ్ళీ కడుపులో దూర్చాడు. కుట్టిన పేగుల్ని బయటికి లాగి తడిగుడ్డ మీద పరిచాడు. కాలేయం కింద, పొత్తికడుపులో, వెన్ను వైపు, వేళ్ళతో గాలించాడు. నెత్తురు మళ్ళీ ఊరింది. "బీపీ ఎనభై," అన్నాడు మత్తు డాక్టరు. కాసేపటికి, "డెబ్బై," అన్నాడు. పెద్ద డాక్టరు గది దద్దరిల్లేలా తిట్టాడు. సిస్టర్‌ని తిట్టాడు, ఆమె తల్లిని తిట్టాడు, ఆ మాప్‌లు కుట్టినవాణ్ణి తిట్టాడు. బయట ఆడమనిషి కేక ఒకటి లేచి ఆగిపోయింది. గోడ గడియారంలో మూడూ ముప్పై మూడైంది.

అప్పుడు లెక్కల సిస్టర్ కొత్త సిస్టర్ మొహం చూసింది. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కళ్ళు ఆమె నుదుటినే చూస్తున్నాయి.

"ఏంటమ్మా?"

"మీ నుదుటి మీద ఉంది సిస్టర్." గొంతు పీలగా వచ్చింది. "ఆ మాప్. సార్ మీ బల్ల మీంచే తీసి పెట్టారు. నేను దాని మీదే పట్టీ చుట్టాను."

"నీకు ముందే తెలుసా? మరి ఇంతసేపూ?"

"నన్నెవరూ అడగలేదు సిస్టర్."

పట్టీ విప్పారు. ఎండి అంటుకుపోయిన మాప్‌ని లాగితే చర్మం కూడా కొంత వచ్చింది. దాన్ని మిగతా వాటి పక్కన పడేశారు. ఇరవై. లెక్కల సిస్టర్ కింది పెదవి కొరుక్కుని అరచేతిలోంచి సూదిని పీకేసింది. దాన్ని పక్కన పడేసి, కొత్త గ్లౌజులు తొడుక్కుని, ఇంకో సూదికి దారం ఎక్కించి ఆయన చేతిలో పెట్టింది. ఆ చేతులు అంత తొందరగా కుట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు.

వాళ్ళు తలుపు తీసేసరికి బావమరిది పోయి రెండు నిమిషాలైంది. స్ట్రెచర్ కింద నెత్తురు మడుగు కట్టి గోడ మూల దాకా పాకింది. అక్క అతని పాదం రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. పట్టుకున్న చేతులు మాత్రం కదులుతున్నాయి, పాదాన్ని వెచ్చచేస్తున్నట్టు.

పక్క గదిలో పిల్ల డాక్టరు సిస్టర్ నుదుటికి ఐదు కుట్లు వేసింది. ఏడుస్తూ వేసింది కాబట్టి అవి వంకరగా వచ్చాయి. ఆమె వెళ్ళాక పెద్ద డాక్టరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ గుడ్డ నేనే పెట్టాను. నీ కన్ను పోయిందనుకున్నాను. భయమేసి చేతికందింది తీసి పెట్టాను," అన్నాడు. "తర్వాత గుర్తేలేదు. ఒట్టు."

అబద్ధం కాదని ఆమెకు తెలుసు. ఇరవై ఆరేళ్ళలో తను చేసిన గాయాన్ని ఆయన ముట్టుకోవడం అదొక్కసారే.

"పోయినవాడి మనుషులు రేపు పోలీసుల దగ్గరికి వెళతారు. పదకొండు నిమిషాలు ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. రిజిస్టర్లో లెక్కలో పొరపాటు అని రాయి, అంతే. నీకు ఏమీ కాకుండా నేను చూసుకుంటా. థియేటర్ నుంచి వార్డుకి మార్పిస్తా. నీ కాళ్ళకీ సుఖం."

లెక్కలో పొరపాటు. అది అబద్ధమని ఆమె అనలేదు. తన బల్ల మీంచి ఒక మాప్ పోతే తను చూసుకోలేదు. అడిగితే తప్ప మాట్లాడొద్దని ఒక పిల్లకి తనే నేర్పింది. నేర్పినప్పుడు మంచినీళ్ళిచ్చి, వీపు నిమిరి మరీ నేర్పింది. ఆ రెండూ కలిసి వరండాలో ఒక మనిషిని చంపాయి. కానీ ఆ లెక్క అక్కడ మొదలవలేదు.

రిజిస్టర్ తెరిచి కట్టు కట్టిన చేత్తోనే రాసింది. రాసింది ఇది: "మాప్‌లు ఇరవై. పందొమ్మిది పేషెంటు కడుపులో వాడినవి. ఒకటి నర్సు నుదుటి గాయానికి పెట్టినది. గాయం, డాక్టరు గారు విసిరిన క్లాంప్ వల్ల. ఆ మాప్ సంగతి నర్సు గమనించలేదు. కొత్త నర్సు గమనించింది, మాట్లాడవద్దని నేను చెప్పి ఉన్నందువల్ల మాట్లాడలేదు. వెతుకులాటకు పట్టినది పదకొండు నిమిషాలు." కింద సంతకం పెట్టి పుస్తకం ఆయన వైపు తిప్పింది.

ఆయన చదివాడు. మెడ మీద నరం ఉబ్బింది. పుస్తకం ఎత్తి ఆమె మొహాన కొడతాడనే అనుకుంది ఆమె. కళ్ళు మూసుకోలేదు.

"ఇది రాస్తే నేను ఇంట్లో కూర్చోవాలి."

"నేనూ కూర్చోవాలి సార్. నా సంగతి కూడా రాశాను, చూడండి."

"నేను సంతకం పెట్టను."

"మీ ఇష్టం. పెట్టకపోతే ఇరవయ్యో మాప్ ఎక్కడుందో తేలనట్టే. తేలకపోతే ఆ కడుపు మళ్ళీ విప్పాలి. అక్కడ లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉన్న చోటు ఇదొక్కటే." కుట్లు పడ్డ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. "ఈసారి అలమర తలుపని చెప్పలేను. మా ఆయన ఎప్పుడో నమ్మడం మానేశాడు."

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఎంత ఒత్తి పెట్టాడంటే, సంతకం కింది రెండు పేజీల దాకా చిరిగింది. పెన్ను గోడకేసి కొట్టి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని వెతికి, తీసి, పెన్నుల డబ్బాలో వేసింది. పద్దెనిమిదేళ్ళ కిందటి పుస్తకం బీరువా అడుగు అరలో ఉంది. దాని సంగతి రేపు చూద్దామనుకుంది.

ఇంక ఒక్క పని మిగిలింది. అది ఎవరూ చెయ్యమనలేదు, ఏ పద్ధతిలోనూ రాసిలేదు. ఆమె వరండాలోకి నడిచి ఆ ఆడమనిషి ముందు నేల మీద కూర్చుంది. కొత్త సిస్టర్ వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని ఆగింది.

"మీ ఆయన బతికున్నాడమ్మా. ఇంకా గండం గడవలేదు, కానీ ఉన్నాడు," అంది సిస్టర్. "మీ తమ్ముడి సంగతి నేనే చెప్పాలి. ఇన్ఫెక్షననో, రాత అలా రాసిపెట్టి ఉందనో ఎవరైనా చెబితే నమ్మకండి. లోపల మా వల్ల పదకొండు నిమిషాలు పోయాయి. ఒక గుడ్డ కోసం వెతికాం. అది నా తల మీదే ఉంది."

ఆ ఆడమనిషి మొదట అర్థం కానట్టు చూసింది. "నీ తల మీదా?" అంది. తర్వాత అర్థమైంది. తమ్ముడి పాదం వదిలి, ఆ చేత్తోనే, ఉన్న బలమంతా పెట్టి సిస్టర్ మొహం మీద కొట్టింది. ఒక్కటి కాదు. మూడోదానికి కుట్లు తెగాయి, నెత్తురు కనురెప్ప మీదుగా దిగి ఒళ్ళో పడింది. సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మొగుడు చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పినప్పుడు రావలసిన దెబ్బలు ఇప్పటికి వచ్చాయనిపించింది ఆమెకు. నాలుగోదానికి ఆ ఆడమనిషి చెయ్యి గాల్లోనే ఆగి, సిస్టర్ భుజం మీద పడి, అక్కడే ఉండిపోయింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

వరండాలో చేరిన మనుషులు, వార్డు నర్సులు, తలుపు దగ్గర పిల్ల డాక్టరు, మెట్ల మలుపులో ఆగిపోయిన పెద్ద డాక్టరు, అందరూ చూస్తూ నిలబడ్డారు. కొత్త సిస్టర్ ఆ నాలుగడుగులూ నడిచి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, ట్రేలోంచి గుడ్డ తీసి లెక్కల సిస్టర్ నుదుటికి అదిమింది.

"ఒకటి తీశాను సిస్టర్," అంది, ఎవరూ అడక్కుండానే, మెట్ల మలుపు దాకా వినబడేలా.